వెస్ట్ వర్జీనియా: నేల కింద బొగ్గు ఎవరిది, నేల మీద ఓటు ఎవరికి

మీరు అడిగింది ఇదీ. కొత్తగూడెంలో పెరిగి, చదువుకోవడానికి అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఉన్న మోర్గన్‌టౌన్ వచ్చారు. బొగ్గు ఉన్న ఊళ్లో క్వార్టర్లు, ఆస్పత్రి, నెల జీతం ఉంటాయని మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇక్కడ దక్షిణాన మెక్‌డోవెల్, లోగన్ కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వైపు వెళ్లి చూస్తే తాళాలు పడిన దుకాణాలు, కూలిపోతున్న ఇళ్లు. ఎందుకిలా అని అడిగితే "ఒబామా బొగ్గును చంపేశాడు" అన్నారు. యూనియన్లకూ డెమోక్రాట్లకూ కంచుకోటగా ఉన్న రాష్ట్రం ఇలా ఎందుకు మారిందన్నది మీ మొదటి ప్రశ్న. సీనియర్ ఒకరు ఇల్లు కొంటుంటే దస్తావేజులో ఖనిజ హక్కులు మినహాయించి ఉన్నాయట, సంతకం పెట్టొచ్చా అన్నది రెండోది. ఈ రెండింటికీ వేరు ఒకటే, అందుకే కలిపి చెప్తాను.

సూటి జవాబు: వెస్ట్ వర్జీనియా బొగ్గులో చాలా భాగం 1880ల నుంచే బయటి కంపెనీల సొత్తు. రాష్ట్రంలో మిగిలింది కూలి డబ్బే. ఆ కూలి ఉద్యోగాల్లో నూటికి ఎనభైకి పైగా 2000 సంవత్సరానికి ముందే పోయాయి, ఎక్కువగా యంత్రాల వల్ల. ఓటు మాత్రం వెంటనే మారలేదు. ఉద్యోగం పోయిన ఇంటికి కూడా యూనియన్ పింఛను, వైద్యం కార్డు అందినంత కాలం పాత పార్టీకే పడింది. యూనియన్ కూలాక మారింది. ఒబామా కాలపు నష్టం కూడా నిజమే, దాని లెక్క కింద ఉంది. ఇక ఇంటి సంగతి: మినహాయింపు మామూలే, సంతకం పెట్టొచ్చు, కానీ ఒక్క కాగితం మీద మాత్రం పెట్టకూడదు. అదేమిటో చివర్లో చెప్తాను.

హక్కు ఎలా జారిపోయింది

ఈ రాష్ట్రం 1863 జూన్ 20న, అంతర్యుద్ధం నడుస్తుండగా, వర్జీనియా నుంచి విడిపోయి పుట్టింది. కొండల మధ్య చిన్న రైతులు, మొక్కజొన్న, పందులు, అడవి. కింద బొగ్గు ఉందని అందరికీ తెలుసు, మోసుకెళ్లే దారే లేదు. 1873లో చెసాపీక్ అండ్ ఒహాయో రైలు మార్గం హంటింగ్టన్ దాకా పూర్తయింది. 1883లో నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైలు పోకహాంటస్ పొర బొగ్గును తూర్పు తీరానికి మోయడం మొదలుపెట్టింది.

పట్టాలు పడేలోపే ఏజెంట్లు కొండలెక్కారు. చాలాచోట్ల వాళ్లు రైతు దగ్గర పొలం కొనలేదు. "పొలం నీదే, దున్నుకో. కింద ఉన్నది మాత్రం మాకు రాసివ్వు" అన్నారు. రైతు చేతిలో ఎకరానికి ఏవో కొద్ది డాలర్లు పెట్టారు. ఆ పత్రంలో బొగ్గుతో పాటు, దాన్ని తీయడానికి అవసరమైన దారి, కలప, నీళ్లు వాడుకునే హక్కు కూడా రాయించుకునేవారు. సంతకం పెట్టిన మనిషి ఊహించింది గునపం, పార, కంచరగాడిద లాగే బండి. ఎనభై ఏళ్ల తర్వాత అతని మనవడి ఇంటి వెనక కొండ మీదికి బుల్‌డోజర్లు వచ్చినప్పుడు చూపించింది ఆ పాత పత్రాలనే.

దీని ఫలితం ఎంతటిదో 1974లో హంటింగ్టన్ దినపత్రిక ఒకటి కౌంటీల రికార్డులు తిరగేసి లెక్క తేల్చింది. రాష్ట్రంలో ప్రైవేటు భూమిలో మూడో వంతు సుమారు రెండు డజన్ల బయటి యజమానుల చేతిలో ఉంది. రైల్వేలు, బొగ్గు, గ్యాస్, కలప కంపెనీలు. సింగరేణితో పోలిస్తే తేడా మీకే తెలుస్తుంది. అక్కడ 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. దసరా ముందు లాభాల్లో వాటా ఎంత అని కార్మికులు నిలదీసి అడుగుతారు. ఇక్కడ లాభం తేలేది ఫిలడెల్ఫియాలోనో న్యూయార్క్‌లోనో. అడగడానికి ఎదురుగా మనిషే లేడు.

జీతం కాగితం ఒకటి చూద్దాం

కంపెనీ ఊరు అనగానే క్వార్టర్లు గుర్తొస్తాయి కదా, అది వదిలేసి చూడండి. ఇక్కడి ఊరికి పంచాయతీ లేదు, మునిసిపాలిటీ లేదు. ఇల్లు, దుకాణం, చర్చి, బడి, డాక్టరు అన్నీ కంపెనీవే. ఇంట్లో ఉండటం ఉద్యోగంలో భాగం. పని మానేసిన రోజునే, యూనియన్‌లో చేరిన రోజునే, ఇల్లు ఖాళీ చేయాలి.

కూలి టన్నుల లెక్కన. తవ్వి నింపిన ప్రతి డబ్బాకు కార్మికుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల తగిలిస్తాడు. పైన తూకం దగ్గర కంపెనీ మనిషి ఆ బిళ్ల చూసి ఖాతాలో రాస్తాడు. మోసం అక్కడే. డబ్బా అంచులకు పలకలు కొట్టి ఎత్తు పెంచేవారు. లోపల పట్టేది ఎక్కువ, ఖాతాలో రాసేది పాత లెక్క. రాయి కలిసిందని ఇంకొంత కోసేవారు. అందుకే 'చెక్ వేమన్' కావాలని, అంటే తూకం దగ్గర కార్మికులు ఎన్నుకున్న మనిషి ఒకడు నిలబడాలని, అన్నేళ్లు కొట్లాడారు. చదువుతున్నప్పుడు ఈ మాట చాలాసార్లు తగులుతుంది, చిన్న డిమాండ్ అనుకుని దాటేయకండి.

ఇక జీతం కాగితంలో ఎడమవైపు టన్నులు, కుడివైపు కోతలు: ఇంటి అద్దె, వంట బొగ్గు, డాక్టరు, మందుగుండు, గునపాలకు పదును పెట్టిన కమ్మరి కూలి, దుకాణం బాకీ. చివరి గడిలో చాలాసార్లు సున్నా. మధ్యలో డబ్బు కావాలంటే 'స్క్రిప్' ఇచ్చేవారు, కంపెనీ ముద్ర ఉన్న లోహపు బిళ్లలు. అవి చెల్లేది కంపెనీ దుకాణంలోనే. బయట మారిస్తే పూర్తి విలువ వచ్చేది కాదు.

ప్రమాదాల సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే మోనాంగా. మీకు దగ్గర్లోనే ఉంది. 1907 డిసెంబరు 6న రెండు గనుల్లో పేలుడు, అధికారిక లెక్క ప్రకారం 362 మంది చనిపోయారు. చాలామంది ఇటలీ, తూర్పు ఐరోపా నుంచి వచ్చినవాళ్లు. ఈ దేశ చరిత్రలో ఇంతకంటే పెద్ద గని ప్రమాదం లేదు. 1910లో కేంద్రం బ్యూరో ఆఫ్ మైన్స్ అనే గనుల సంస్థను పెట్టింది, మొదట్లో దానికి తనిఖీ చేసే అధికారం కూడా ఇవ్వలేదు.

తుపాకుల పదేళ్లు

1912లో పెయింట్ క్రీక్, క్యాబిన్ క్రీక్ లోయల్లో సమ్మె మొదలైంది. కంపెనీలు బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే డిటెక్టివ్ సంస్థ నుంచి సాయుధ కాపలాదార్లను దించాయి. సైనిక పాలన వచ్చింది, పౌరులను సైనిక కోర్టులో విచారించారు. వృద్ధురాలైన కార్మిక నాయకురాలు మదర్ జోన్స్‌ను కూడా నిర్బంధించారు.

1920 మే 19న మేట్వాన్‌లో అదే సంస్థ మనుషులు కార్మికుల కుటుంబాలను ఇళ్లలోంచి గెంటి, రైలెక్కడానికి వెళ్తుండగా పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ అడ్డుపడ్డాడు. కాల్పుల్లో పదిమంది చనిపోయారు: ఏడుగురు డిటెక్టివ్‌లు, ఇద్దరు కార్మికులు, ఊరి మేయరు. మరుసటి ఏడాది ఆగస్టు 1న వెల్చ్‌లో కోర్టు మెట్ల మీద, భార్య పక్కన ఉండగానే, హాట్‌ఫీల్డ్‌ను కాల్చి చంపారు. ఆ నెలాఖరుకు సుమారు పదివేల మంది కార్మికులు మెడకు ఎర్ర రుమాళ్లు కట్టుకుని లోగన్ వైపు నడిచారు. బ్లెయిర్ కొండ మీద షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) డాన్ చాఫిన్ మనుషులు అడ్డుకున్నారు. అతని డిప్యూటీల జీతాలు గని యజమానుల నుంచి వచ్చేవి. అద్దె విమానాల నుంచి నాటు బాంబులు వేశారు. చివరికి అధ్యక్షుడు హార్డింగ్ కేంద్ర సైన్యాన్ని పంపాడు. సైన్యంతో మాకు పోరు లేదంటూ కార్మికులు దిగిపోయారు. యూనియన్ సభ్యత్వం పదేళ్లలో నామమాత్రానికి పడిపోయింది.

ఈ భాగం మీద చదవడానికి చాలా దొరుకుతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను. రాష్ట్రం ఇవాళ ఇలా ఉండటానికి అసలు కారణం మాత్రం దీని తర్వాతి ముప్పై ఏళ్లలో ఉంది, దాన్ని చాలామంది చదవరు.

1933, 1950: రెండు మలుపులు

1933లో రూజ్‌వెల్ట్ తెచ్చిన పారిశ్రామిక చట్టం యూనియన్‌లో చేరే హక్కును గుర్తించింది. చూస్తుండగానే గనులన్నీ యునైటెడ్ మైన్ వర్కర్స్ అనే గని కార్మికుల యూనియన్‌లో చేరిపోయాయి. తాతలు తుపాకులతో సాధించలేనిది ఒక సంతకంతో వచ్చింది. డెమోక్రాట్ పార్టీకి ఆ ఇళ్లు అరవై ఏళ్లకు పైగా ఓటేయడానికి మూలం ఇదే.

ఆ పార్టీ రాష్ట్రంలో ఎలా పాలించిందో కూడా చెప్పాలి. కౌంటీ స్థాయిలో ఉద్యోగాలు పంచే యంత్రాంగం, ఓటుకు డబ్బు, సారాయి. లోగన్, మింగో కౌంటీలు దీనికి పేరుమోసినవి. గవర్నర్ వాలీ బారన్ 1971లో జైలుకు వెళ్లాడు. రిపబ్లికన్ గవర్నర్ ఆర్చ్ మూర్ 1990లో నేరం ఒప్పుకుని వెళ్లాడు. అవినీతికి పార్టీ లేదు. మరోపక్క 1932లో ఓటర్లు ఆస్తి పన్నుకు రాష్ట్ర రాజ్యాంగంలోనే పరిమితి పెట్టారు. మాంద్యంలో రైతును కాపాడటానికి చేసిన పని, కొండలకు కొండలు సొంతం చేసుకున్న కంపెనీలకు కూడా అదే గొడుగు అయింది.

రెండో మలుపు 1950. యూనియన్ నాయకుడు జాన్ ఎల్. లూయిస్ యజమానులతో ఒప్పందం చేసుకున్నాడు. యంత్రాలను యూనియన్ అడ్డుకోదు. బదులుగా మంచి కూలి, టన్నుకు ఇంత అని సంక్షేమ నిధికి జమ. 1952 నాటికి ఆ జమ టన్నుకు 40 సెంట్లు. ఆ డబ్బుతో పింఛన్లు ఇచ్చారు, 1950ల మధ్యలో మూడు రాష్ట్రాల్లో పది ఆస్పత్రులు కట్టారు. వెస్ట్ వర్జీనియాలో బెక్లీ, మ్యాన్ ఊళ్లలోవి వాటిలోవే. కంపెనీ డాక్టరు తప్ప ఇంకో వైద్యం ఎరగని లోయల్లో అది చిన్న విషయం కాదు.

దానికి చెల్లించిన ధర ఏమిటంటే 'కంటిన్యువస్ మైనర్' యంత్రం. పేలుడు పెట్టి, పారతో నింపే బృందాలు చేసే పనిని తిరిగే పళ్లున్న ఒక్క డ్రమ్ము చేసేస్తుంది. 1940ల చివర 1,25,000కు తగ్గకుండా ఉన్న గని ఉద్యోగాలు 1960కల్లా 50 వేల లోపుకు వచ్చాయి. 2000 నాటికి 15 వేల చుట్టూ. ఉత్పత్తి తగ్గిందా అంటే లేదు. 1947లోనూ, యాభై ఏళ్ల తర్వాత 1997లోనూ 17 కోట్ల టన్నులు దాటింది. బొగ్గు చచ్చిపోలేదు, మనిషి అవసరం చచ్చిపోయింది. "బొగ్గును ఎవరు చంపారు" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే ఈ రెండు అంకెలు చూపండి చాలు.

మొదట దెబ్బ తిన్నది నల్లజాతి కార్మికులు. దక్షిణ గనుల్లో వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. మిగతా దక్షిణాది రాష్ట్రాల్లో లాక్కున్న ఓటు హక్కు ఇక్కడ వాళ్లకు ఉండేది కాబట్టి మెక్‌డోవెల్ రాజకీయాల్లో వాళ్ల మాటకు బరువుండేది. కానీ వాళ్లకు దక్కిన పని ఎక్కువగా చేత్తో నింపే పని. యంత్రం ముందుగా తీసేసింది ఆ పనినే. కొత్త యంత్రం మీద శిక్షణ తెల్లవాళ్లకు ఇచ్చారు. అక్రన్, క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ వైపు వెళ్లిన బస్సుల్లో తెల్లా నల్లా ఇద్దరూ ఉన్నారు. రాష్ట్ర జనాభా 1950లో 20 లక్షలు; 2020లో 17.9 లక్షలు. మెక్‌డోవెల్ కౌంటీ 98,887 నుంచి 19,111కు వచ్చింది. మీరు చూసిన ఖాళీ ఇళ్లు ఈ డెబ్బై ఏళ్లవి.

1960 ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, కెన్నెడీ ఈ లోయల్లో తిరిగి, ఆకలి చూసి, గెలిచాడు. 1961లో కొత్త ఫుడ్ స్టాంప్ (పేదలకు తిండి కొనుక్కునే కూపన్ల) పథకం ప్రయోగంలో తొలి కొనుగోలు జరిగింది మెక్‌డోవెల్‌లోనే. దేశంలోకెల్లా ఎక్కువ బొగ్గు తీసిన కౌంటీల్లో అదొకటని గుర్తుంచుకోండి.

పన్ను వేద్దామన్న గవర్నర్

విలియం మార్లాండ్ అనే డెమోక్రాట్, గని సూపరింటెండెంట్ కొడుకు, 1953లో గవర్నర్ అయ్యాడు. పదవిలోకి వచ్చిన కొద్ది రోజులకే, నేల నుంచి తీసే ఖనిజం మీద 'సెవరెన్స్' పన్ను వేసి ఆ డబ్బుతో బడులు, రోడ్లు కడదామన్నాడు. సొంత పార్టీ శాసనసభే తిప్పికొట్టింది. రెండుసార్లు సెనేట్‌కు నిలబడి ఓడాడు. 1965లో ఒక విలేఖరి అతన్ని షికాగోలో కనిపెట్టేసరికి టాక్సీ నడుపుతున్నాడు. ఆ ఏడాది చివర్లోనే చనిపోయాడు. ఉత్పత్తి ఉచ్ఛదశలో ఉన్నప్పుడు రాష్ట్రం వదులుకున్న డబ్బు తిరిగి వచ్చేది కాదు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఘట్టమే.

తర్వాత పన్ను వచ్చింది: ధరలో 5 శాతం, ఆ 5లో 0.35 స్థానిక ప్రభుత్వాలకు. ఆ స్థానిక వాటాలో ముప్పాతిక బొగ్గు తీసే కౌంటీలకు, పావు అందరికీ. విద్యుత్ కేంద్రాలకు వెళ్లే బొగ్గుకు 2019లో చట్టం చేసి దశలవారీగా 3 శాతానికి తగ్గించారు. వ్యోమింగ్ రాష్ట్రం 1974లోనే ఖనిజ ఆదాయంతో శాశ్వత నిధి పెట్టుకుంది. వెస్ట్ వర్జీనియా అలాంటి నిధికి, 'ఫ్యూచర్ ఫండ్'కు, చట్టం చేసింది 2014లో.

ఊపిరితిత్తులు, ఆనకట్ట

1968 నవంబరు 20న ఫార్మింగ్టన్‌లో గని పేలి 78 మంది చనిపోయారు. మూడు నెలల్లో రాష్ట్రంలోని గనులు ఆగిపోయాయి. యూనియన్ పెద్దలు పిలవలేదు; సుమారు 40 వేల మంది కార్మికులు తమంతట తాము పని మానేసి రాష్ట్ర రాజధాని చార్లెస్టన్‌కు వెళ్లారు. డిమాండ్ ఒక్కటే: బొగ్గు ధూళి వల్ల వచ్చే 'బ్లాక్ లంగ్'కు పరిహారం. మార్చిలో రాష్ట్ర చట్టం, డిసెంబరులో కేంద్ర చట్టం వచ్చాయి. గాలిలో ధూళి ఘనపు మీటరుకు మొదట 3 మిల్లీగ్రాములు, తర్వాత 2, ఇప్పుడు 1.5 మించకూడదు.

మరి జబ్బు తగ్గిందా? తగ్గి, మళ్లీ పెరిగింది. మందమైన పొరలు అయిపోయాయి. మిగిలిన సన్నటి పొరను తవ్వాలంటే యంత్రం పైనా కిందా రాయిని కూడా కోయాలి. రాతిలోని సిలికా బొగ్గు ధూళి కంటే చాలా వేగంగా ఊపిరితిత్తిని గట్టిపరుస్తుంది. ఈ ప్రాంతంలో 25 ఏళ్లకు పైగా పనిచేసినవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరికి జబ్బు ఉందని 2018లో ప్రభుత్వ పరిశోధకులు చెప్పారు. పరిహారం దొరకడం కూడా తేలిక కాదు. భూగర్భంలో 15 ఏళ్లు చేసి, ఊపిరి సమస్యతో పూర్తిగా అశక్తుడైతే, గని వల్లే వచ్చిందని చట్టం భావించాలి. కాదని నిరూపించే భారం కంపెనీది. ఈ సూత్రాన్ని 1981లో తీసేశారు. 2010లో ఒబామా ఆరోగ్య చట్టంలో సెనేటర్ రాబర్ట్ బైర్డ్ తిరిగి పెట్టించాడు. ఆ చట్టాన్ని తిట్టే ఇళ్లలో ఈ క్లాజు వల్ల పింఛను అందుతున్నవి ఉన్నాయి. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక బఫలో క్రీక్. బొగ్గు కడిగాక మిగిలే మట్టి, రాయి, నల్లనీళ్లు ఎక్కడో పోయాలి కదా. లోగన్ కౌంటీలో పిట్స్‌టన్ అనుబంధ కంపెనీ వాటినే లోయకు అడ్డంగా పోసి వాటి వెనక నీళ్లు నిలిపింది. లెక్కకట్టి కట్టిన ఆనకట్ట కాదది, ట్రక్కులతో దిమ్మరించిన చెత్త. అదనపు నీరు పోవడానికి 24 అంగుళాల గొట్టం ఒకటే. 1972 ఫిబ్రవరి 26 ఉదయం, వానల తర్వాత, తెగింది. 13.2 కోట్ల గ్యాలన్లు పదిహేడు మైళ్ల లోయలో పడ్డాయి. 125 మంది చనిపోయారు, 4,000 మంది ఇళ్లు కోల్పోయారు. కంపెనీ "దైవ ఘటన" అంది. రాష్ట్రం పది కోట్ల డాలర్లకు దావా వేసి, గవర్నర్ మూర్ పదవి దిగిపోయే ముందు పది లక్షలకు రాజీ పడింది.

ఓటు ఎప్పుడు, ఎందుకు తిరిగింది

1988 అధ్యక్ష ఎన్నికలో దేశం మొత్తం మీద ఓడిన డెమోక్రాట్ డుకాకిస్ ఇక్కడ గెలిచాడు. 1996లో డెమోక్రాట్ క్లింటన్ తేలిగ్గా గెలిచాడు. 2000లో రిపబ్లికన్ బుష్ డెమోక్రాట్ గోర్ మీద ఆరు శాతం తేడాతో గెలిచాడు. ఇక్కడి 5 ఎలక్టోరల్ ఓట్లు వచ్చి ఉంటే ఫ్లోరిడాతో పనిలేకుండానే గోర్ అధ్యక్షుడు. తుపాకీ చట్టాలు, వాతావరణ ఒప్పందం, బొగ్గు కంపెనీల ప్రచారం, మతం అన్నీ కారణాలే. అవి పనిచేయడానికి కింద నేల ఎందుకు మెత్తబడిందో చూడాలి.

1984-85లో మాస్సీ కంపెనీ యూనియన్ సమ్మెను తట్టుకుని నిలబడింది. తర్వాత దక్షిణాన గని తర్వాత గని యూనియన్ లేకుండా తెరిచారు. కొండ తల తీసేసి బొగ్గు తీసే పద్ధతి 1990ల్లో విస్తరించింది. దానికి పేలుడు మందు, పెద్ద యంత్రాలు చాలు, మనుషులు కొద్దిమందే. కార్మికుడికి ఎవరికి ఓటేయాలో, ఎందుకేయాలో చెప్పే యూనియన్ హాలు మూతపడింది. ఆ ఖాళీలోకి కంపెనీ మాట వచ్చింది: "నీ శత్రువు యజమాని కాదు, వాషింగ్టన్."

ఒబామా లెక్క ఇదీ. 2000 తర్వాత కొంత పెరిగి 2011లో 23 వేల పైచిలుకు ఉన్న గని ఉద్యోగాలు 2016కల్లా సగానికి వచ్చాయి. రాతి పొరల్లోంచి తీసే షేల్ గ్యాస్ చవకైంది, దక్షిణ పొరలు ఖరీదయ్యాయి, చైనా ఉక్కు గిరాకీ తగ్గింది, 2012 పాదరసం నిబంధనతో పాత విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి. విద్యుత్ కేంద్రాల కార్బన్ ఉద్గారాలకు పరిమితి పెట్టిన, అందరూ తిట్టే 'క్లీన్ పవర్ ప్లాన్'ను 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆపేసింది, అది ఎన్నడూ అమలు కాలేదు. నిబంధనల వాటా ఉంది. గ్యాస్ వాటా అంతకంటే పెద్దది.

యూనియన్ లేని గని అంటే ఏమిటో మాస్సీ కంపెనీ గని అప్పర్ బిగ్ బ్రాంచ్ చూపింది. 2010 ఏప్రిల్ 5న 29 మంది చనిపోయారు. కోత యంత్రం పళ్లు అరిగి రాతికి తగిలి నిప్పురవ్వలు లేచాయి, వాటిని ఆర్పాల్సిన నీటి జల్లులు పనిచేయలేదు, మీథేన్ అంటుకుంది. అక్కడితో ఆగాల్సింది. సున్నపురాయి పొడి గోడలకు, నేలకు చల్లి, ధూళిలో మండనిది 80 శాతం ఉండేలా చూస్తే మంట పాకదు. చల్లలేదు. బొగ్గు ధూళే మైళ్ల కొద్దీ పేలింది. ప్రమాదాల గురించి కంపెనీ రెండు లెక్కల పుస్తకాలు పెట్టిందని దర్యాప్తులో తేలింది. అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్‌కు ఏడాది జైలు. ఇతనే 2004లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఎన్నికలో తనకు నచ్చిన అభ్యర్థి కోసం 30 లక్షల డాలర్లు ఖర్చుపెట్టాడు. గెలిచిన ఆ జడ్జి ఆ కంపెనీ కేసు వినకూడదని 2009లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక వ్యసనంగా మారే ఓపియాయిడ్ నొప్పి మాత్రలు. ఆరేళ్లలో 78 కోట్ల మాత్రలు ఈ రాష్ట్రానికి వచ్చాయి. సుమారు 400 మంది ఉన్న కెర్మిట్‌లో ఒక్క మందుల దుకాణానికి రెండేళ్లలో 90 లక్షలు. నడుములు విరిగే పని చేసిన ఊళ్లను ఎంచుకుని పంపినట్టు ఉంటుంది ఆ పటం చూస్తే. ఈ ఊళ్ల ఆస్పత్రుల్లో భారతీయ డాక్టర్లు, మన తెలుగువాళ్లతో సహా, కనబడటానికి కారణం కూడా చెప్తాను: డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేస్తే, శిక్షణ కోసం జే-1 వీసా మీద వచ్చిన డాక్టర్లకు స్వదేశానికి తిరిగి వెళ్లే షరతు మినహాయిస్తారు.

రిపబ్లికన్ రాష్ట్రం అయింది కాబట్టి పాత నెత్తురు చల్లారిందని అనుకోవద్దు. 2018 ఫిబ్రవరి 22న 55 కౌంటీల్లోనూ బడులు మూతపడ్డాయి. టీచర్లు ఆరోగ్య బీమా, జీతం కోసం చట్టం ఒప్పుకోని సమ్మె చేశారు. మెడలో ఎర్ర రుమాళ్లు. యూనియన్ నాయకులు రాజీ ప్రకటించినా తిరిగి వెళ్లలేదు. 5 శాతం పెంపు చట్టం అయ్యాకే వెళ్లారు. మొదట కదిలినవి మింగో, లోగన్, వ్యోమింగ్ కౌంటీలు.

మీ సీనియర్ ఇల్లు

1. ఖనిజాలు మినహాయించి అమ్మడం ఇక్కడ సర్వసాధారణం. దస్తావేజులో "ఎక్సెప్టింగ్ అండ్ రిజర్వింగ్" అనే మాటల తర్వాత వాక్యం పూర్తిగా చదవమనండి. బొగ్గు ఒక్కటేనా, చమురు, గ్యాస్ కూడానా. ఉపరితలం వాడుకునే హక్కు రాశారా. ఏ సంవత్సరపు ఏ పత్రాన్ని ప్రస్తావించారు. కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఆ పాత పత్రం తీసి చూడాలి. టైటిల్ ఇన్సూరెన్స్ (యాజమాన్య హక్కుకు ఇచ్చే బీమా) మామూలుగా ఖనిజాలకు వర్తించదు.

2. ఇంటి కింద పాత గని ఉందా చూడాలి. రాష్ట్ర భూగర్భ సర్వే సంస్థ ఆఫీసు మీ ఊరి పక్కనే, మాంట్ షటోలో ఉంది. గని పటాలు ఆన్‌లైన్‌లోనూ చూడొచ్చు.

3. పనిచేస్తున్న గని వల్ల నేల కుంగి ఇల్లు పగిలినా, బావి ఎండినా బాగుచేయాల్సింది కంపెనీ; 1992 కేంద్ర చట్టం నుంచి ఇది నియమం. ఎప్పుడో మూసేసిన గని అయితే అడగడానికి కంపెనీ ఉండదు. అందుకే ఇంటి బీమాలో 'మైన్ సబ్సిడెన్స్' రక్షణ ఉంటుంది. వద్దని రాతపూర్వకంగా సంతకం పెడితే తప్ప బీమా సంస్థ దాన్ని చేర్చాలి. కాగితాల కట్టలో ఆ 'వేవర్' కూడా కలిపి ఇస్తారు. పైన నేను చెప్పిన ఒక్క కాగితం అదే. పెట్టొద్దనండి.

4. కొనే రోజునే పునాది, గోడలు, తలుపు చట్రాల మూలలు తేదీతో ఫోటోలు తీసి ఉంచాలి. పగులు తర్వాత వచ్చిందని చూపించాల్సింది ఇంటాయనే.

పటంలో గని కనబడలేదని వేవర్ మీద సంతకం పెట్టేవాళ్లు ఉంటారు. పాత చిన్న గనుల్లో చాలావాటికి పటాలే మిగల్లేదు.